తూము తాత పలక వేశాడు

మా కాలనీ కుర్రాళ్ళు మా పాత ఊరి గురించి ఒక చిన్న పుస్తకం వేద్దామనుకుంటున్నారు. ఆ ఊరు ఇప్పుడు లేదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం తీసుకున్న నేలలో కలిసిపోయింది. దాన్ని కళ్ళతో చూసినవాళ్ళం ఓ పాతిక మందిమి మిగిలి ఉంటాం. తప్పులుంటే దిద్దమని రాసిన కాగితాలు నాకిచ్చి వెళ్ళారు. చదువుతూ చదువుతూ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఒక ఏడాది తూము కాసే ముసలాయన పలక సరిగా వెయ్యడం మరిచిపోయి సింహాచలం వెళ్ళిపోవడంతో ఊరి ఉప్పంతా ఒక్క పోటుకి కరిగిపోయింది, అని ఉంది.

కుర్రాళ్ళ తప్పు కాదు. వాళ్ళ పెద్దలు వాళ్ళకి అలాగే చెప్పారు. ఊరంతా అలాగే నమ్మింది. ఆఖరికి ఆ ముసలాయన కూడా అలాగే నమ్మి పోయాడు. అది నిజం కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆయన పలక వేశాడు. తీసింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు.

కలం తీసి ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేసిన చోట ఏం రాయాలో ఒక్క వాక్యంలో కుదరలేదు. అందుకని మొదటి నుంచి రాస్తున్నాను.

మాది ఉప్పు పండించే ఊరు. ఒక పక్క కొండ, ఒక పక్క ఉప్పుటేరు, మధ్యలో చవిటి నేల. ముప్పై గడపలుండేవి. వరి చేను ఒక్కటి లేదు. “ఊరోళ్ళందరూ వానకి సూత్తారు, మనం ఎండకి సూత్తాం” అనేవాడు మా అయ్య. పుష్యమాసం దాటగానే మడులు తొక్కడం మొదలయ్యేది. ఇంటిల్లిపాదీ ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని, తడి బంకమట్టిని పాదాలతో తొక్కుకుంటూ ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేవారు. బొటనవేలితో నొక్కితే గుంట పడనంత గట్టిపడాలి నేల. అప్పటిదాకా రోజుల తరబడి అదే నడక. ఊళ్ళో కబుర్లన్నీ ఆ నడకలోనే తేలేవి. ఎవరింట్లో ఎవరు అలిగారో, ఎవరి కోడలు ఎన్ని ముద్దలు తింటుందో అంతా అక్కడే.

తర్వాత నీటి పని. ఏటిలోంచి వచ్చిన నీరు ముందు పెద్ద చెరువులో నిలవాలి. అక్కడి నుంచి ఒక మడిలోకి, ఆ మడి నుంచి ఇంకో మడిలోకి మారుతూ, ఎండకి ఇంకుతూ ముదరాలి. చివరి మడికి వచ్చేసరికి లేత గులాబీ రంగు తిరిగేది. ముదిరిన నీటికి ఒక వాసన ఉండేది. మగ్గిన తాటిపండు వాసనకి దగ్గరగా, తియ్యగా ఉండి, గొంతులో మాత్రం మండేది. ఇన్నేళ్ళలో ఇంకెక్కడా నాకు ఆ వాసన తగల్లేదు. మిట్టమధ్యాహ్నం నీటి మీద పాల మీద మీగడలా పొర కట్టేది. సాయంత్రానికి అది బరువెక్కి అడుక్కి దిగేది. పొడుగు కర్రకి అడ్డంగా చెక్క బిగించి దాన్ని లాగుతుంటే గరగరమని చప్పుడు. అదే మా ఊరి చప్పుడు.

మా ఇళ్ళలో అంబలిలో ఉప్పు వేసేవారు కాదు. పొద్దున్నే అమ్మ చోడి అంబలి ముంతలో పోసి, కాల్చిన ఎండు నెత్తళ్ళు ఆకులో చుట్టి ఇచ్చేది. గట్టు మీద కూర్చుని, మడిలోంచి చిటికెడు తీసి కలుపుకుని తాగడమే. ఉప్పు కోసం మీద ఊళ్ళ నుంచి ఎడ్ల బళ్ళు వచ్చేవి. ఆ బండివాళ్ళకి మా ఊరి ఆడవాళ్ళంటే హాస్యం.

“మీ ఊరి పిల్లని సేసుకుంటే కూరలో ఉప్పెయ్యక్కర్నేదు, సెయ్యెట్టి కలిపితే సాలు” అన్నాడొకడు ఓసారి.

“ముందు నీ ఎద్దుని నాకనీ. అది బాగుందంటే అప్పుడు సూద్దాం” అంది గంప ఎత్తుకుంటున్న మా అమ్మ. ఆ బండివాడు ఆ తర్వాత రెండు వారాలు మా వైపు చూడలేదు.

ఇంత పనికీ తాళంచెవి తూము. ఏటికీ పెద్ద చెరువుకీ మధ్య గట్టులో రాళ్ళు పేర్చి కట్టిన సందు, అందులో పైకీ కిందకీ జరిగే టేకు పలక. సముద్రం పోటెక్కి ఏరు పొంగినప్పుడు పలక ఎత్తి చెరువు నింపుకోవాలి. నిండగానే దించి, సందుల్లో మట్టి మెత్తాలి. అమావాస్యకీ పున్నానికీ దగ్గర్లో పోటు పెద్దది. పలక లేకపోతే ఏరు చెరువులోకి, చెరువు గట్టు తెంచుకుని మడుల్లోకి వచ్చేస్తుంది. పచ్చి నీరు తగిలితే ముదిరిన నీరు పనికిరాదు, కట్టిన ఉప్పు నిలవదు.

ఆ తూము కాసే ఆయన్ని అందరూ తూము తాత అనేవారు. సన్నగా, ఎండిన తాటిమట్టలా ఉండేవాడు. గునపం భుజాన వేసుకుని రోజుకి నాలుగుసార్లు గట్టు చుట్టి వచ్చేవాడు. భార్య పోయింది. నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దదైన ఒక్క కూతురు. నేను అక్కా అనేవాణ్ణి. తాత పనికి కూలి లేదు. ఉప్పు ఎత్తిన ప్రతి ఇంటివాళ్ళూ మొదటి గంప ఆయన గుమ్మంలో దింపేవారు. ఆ గంప దింపడం గౌరవం.

పిల్లలం పచ్చి మామిడికాయలు గుడ్డలో మూటకట్టి, ముదిరిన నీటి మడిలో మట్టికింద దాచేవాళ్ళం. రెండు రోజులకి ముడుచుకుపోయి, నోట్లో పెట్టుకుంటే చెవుల దాకా పులుపు ఎక్కేది. తాత ఎక్కడ దాచినా కనిపెట్టేవాడు. మూట విప్పి, ఒక్క కాయ తీసుకుని, మళ్ళీ జాగ్రత్తగా మూట కట్టి అక్కడే పెట్టేవాడు.

“నా కాయ తీసీసినావు తాతా” అని నేను ఏడిస్తే, “మడి నాది కాదు, కాయ నాది కాదు. సూసిన కళ్ళు నావి కదేటిరా. ఆటికి కూలి” అనేవాడు.

మా ఊళ్ళో ఇంకో పద్ధతి ఉండేది. అది చెప్పకపోతే ఆయనకేం జరిగిందో అర్థం కాదు. ఎవరి మీదైనా నింద పడితే, మడిలో చీలమండల లోతు నీళ్ళలో దిగి, గుప్పిట నిండా ఉప్పు పట్టుకుని, తను చేసింది ఇదీ అని చెప్పాలి. అలా చెప్పిన మాట మీద మళ్ళీ మాట లేదు. జన్మలో ఎవరూ ఎత్తకూడదు. చెప్పలేకపోయినవాడిదే తప్పు. ఉప్పు పట్టుకుని అబద్ధమాడితే ఆ మడిలో ఇంక ఉప్పు కట్టదని మా నమ్మకం.

ఆ ఏడాది కొండ మీద రాళ్ళు పేల్చడం మొదలైంది. చారల కర్రలు పట్టుకుని జీపుల్లో మనుషులొచ్చి గట్ల మీద రాళ్ళు పాతి వెళ్ళారు. పెద్దవాళ్ళు సాయంత్రాలు వాటి చుట్టూ చేరి మాట్లాడుకునేవారు. “ఫేక్టరీ వత్తాదట బావా.” “ఒత్తే రానీ. ఉప్పు తినకుండా ఉంటారేటి ఆళ్ళు మాత్రం?” అని నవ్వుకునేవారు. ఇదే ఆఖరి పంటేమోనన్న బెంగ ఆ నవ్వులో ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే ఆ ఏడాది అందరూ ఉప్పు ఇంకో రోజు, ఇంకో రోజు అని మడుల్లోనే దళసరిగా కట్టనిచ్చారు.

సింహాచలం చందనోత్సవం వచ్చింది. ఏడాదికి ఒక్కరోజు స్వామి ఒంటి మీద గంధం తీసేసి నిజరూపం చూపిస్తారు. అమావాస్య వెళ్ళిన మూడోనాడు. ముందురోజు మధ్యాహ్నమే మా ఊరి నుంచి సగం మంది నడిచి బయల్దేరేవారు. రాత్రికి కొండ కింద పడుకుని, తెల్లవారి వరసలో నిలబడి దర్శనం చేసుకుని, సాయంత్రానికి తిరిగొచ్చేవారు. తాత ఏ ఏడూ మానలేదు. నా తోటి పిల్లలందరూ వెళుతున్నారు. నా కాలికి ఉప్పు పుండు. మడుల్లో తిరిగే పిల్లలకి వచ్చేదే. అమ్మ వేపనూనె రాసి గుడ్డ కట్టి, ఇంట్లో మామ్మ దగ్గర ఉండమంది. మడుల్లో ఉప్పు ఉందని అయ్యా అమ్మా కూడా వెళ్ళలేదు.

ఆ ఉదయం పోటుకి చెరువు నిండింది. తాత తూము దగ్గర ఉంటే కుంటుకుంటూ వెళ్ళాను.

“తాతా, నన్నూ తీస్కెల్లవా?”

“కాలు సూసుకున్నావేటి? ఎలా నడుత్తావు?”

“బుజాల మీద ఎక్కించుకో.”

“కొండకింది అడివివరం దాకా మొయ్యడానికి నాకేటి పాతికేళ్ళనుకున్నావా. ఒచ్చే ఏడు తీస్కెల్తాను. నీ కాలు బాగవుద్ది, అప్పుడు నువ్వే నన్ను మోద్దువు గాని.”

వచ్చే ఏడు అన్న మాట పదేళ్ళవాడికి తిట్టు లాంటిది. నేను గట్టు మీద కూర్చుని ఆయన్నే చూస్తున్నాను. ఆయన పలక పని మొదలుపెట్టి ముగించేదాకా చూశాను. బాట మీది నుంచి జనం పిలుస్తున్నారు.

“ఓ తూము మావా, సామికి మల్లీ గంధం పూసీసిన దాకా రావేటి?”

“వత్తన్నాను, నడండి” అంటూ ఆయన గునపం గట్టు మీద పడేసి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. బాట మలుపు దగ్గర పిల్లల కేకలు కాసేపు వినిపించాయి. తర్వాత అవి కూడా లేవు.

ఊరు అంత ఖాళీగా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. మామ్మ నిద్రపోయింది. అయ్యా అమ్మా దూరంగా మడుల్లో చుక్కల్లా కనిపిస్తున్నారు. ఎండ తెల్లగా కొడుతోంది. నాతో మాట్లాడేవాళ్ళు ఎవరూ లేరు. అన్నం తిన్నాక మళ్ళీ తూము దగ్గరికి వెళ్ళాను. ఏట్లో నీరు వెనక్కి తీసింది. చెరువులో మాత్రం నిండుగా ఉంది. అలాంటప్పుడు పలక కొంచెం ఎత్తితే చెరువు నీరు ఏట్లోకి దూకుతుంది. ఆ దూకుడులో రొయ్యలు, చిన్న చేపలు కొట్టుకొస్తాయి. బుట్ట అడ్డం పెడితే చాలు. పిల్లలు తూము ముట్టుకోకూడదు. అది ఊరి కట్టు. వాళ్ళు గంధం తెచ్చుకుంటారు, నేను బుట్టెడు రొయ్యలు చూపిస్తాను అనుకున్నాను. నన్ను వదిలేసి వెళ్ళిన తాత మీద కోపం కూడా ఉంది. అది దాచను.

మట్టి ఇంకా పూర్తిగా ఎండలేదు. పుల్లతోనూ గోళ్ళతోనూ పెళ్ళగించాను. చాలాసేపు పట్టింది. గునపం పెట్టి పలకని జానెడు ఎత్తి, సందులో రాయి దోపాను. నీరు దూకింది. రొయ్యలు గుప్పెడు కూడా పడలేదు. రెండు పీతలు, నాచు. రాయి తీసి పలక దించబోతే అది ఓరగా ఇరుక్కుపోయింది. మీద ఎక్కి తొక్కాను. కదల్లేదు. కాలి పుండు చిట్లి రక్తం వచ్చింది. నీరు కొంచెమే కదా పోతోంది, సాయంత్రం ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాను. పీతల్ని ఏట్లో పారేసి, మట్టి చేతులు కడుక్కుని ఇంటికెళ్ళి మామ్మ పక్కన పడుకున్నాను.

ఎవరూ చూడలేదు. మట్టి మెత్తిన తూముని చూడాల్సిన పని లేదు మరి. అయ్యకి చెప్పాలని నోటిదాకా వచ్చింది. చీకటిపడి అన్నం తినేటప్పుడు అయ్య మామ్మతో అంటున్నాడు. “రేపు సామి దరిసినం ఆళ్ళకి. ఎల్లుండి ఉప్పు దరిసినం మనకి. ఇంత దళసరి నాను పుట్టాక సూడనేదు.” ఆ మొహం చూసి చెప్పలేకపోయాను.

తెల్లారేసరికి అమ్మ కేక వినిపించింది. మడులు లేవు. గట్లు లేవు. కొండ మొదలు దాకా ఒకటే నీరు. దాని మీద లేత ఎండ మెరుస్తుంటే ఎంతో అందంగా ఉంది, అది కూడా నిజం. అయ్య మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, అడుగున చేత్తో తడుముతున్నాడు. గుప్పెడు బురద పైకి తీసి, వాసన చూసి, మళ్ళీ నీళ్ళలోకి వదిలాడు. పలక చెరువు మధ్య తేలుతూ దొరికింది. దాని మీద మట్టి మరక కూడా లేదు. రాత్రి పోటు కడిగేసింది.

“మట్టి మెత్తిన పలక పోటుకి లేత్తాదేటి ఎక్కడైనా?” అన్నాడు అయ్య. “ముసిలోడు సామి దరిసినం తొందర్లో ఒట్టి పలక దించి ఎల్లిపోనాడు.”

మొదట ఆ మాట అన్నది మా అయ్యే. ఇదీ నేను రాయాలి.

ఆ సాయంత్రం సింహాచలం వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. అందరికంటే ముందు తాత. నుదుటి మీద గంధం, చేతిలో బాదమాకు పొట్లం. ఆయనకి సంగతి ఇంకా తెలియదు. “రండర్రా, సామి ఒంటి మీది గంధం, సల్లగుంటాది” అంటూ పొట్లం విప్పి మా వాకిట్లో నిలబడ్డాడు. ఒక్కరూ చెయ్యి చాచలేదు. నా వైపు చూసి నవ్వి వేలితో గంధం తీశాడు. నేను అమ్మ వెనక్కి వెళ్ళాను.

ఎవరో చెప్పారు. ఆయన తలతిప్పి మడుల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు.

“నాను ఏసినాను పలక” అన్నాడు.

“మట్టి మెత్తినావా?” అన్నాడు అయ్య.

“మెత్తినాను.”

“పెమానం సెయ్యి మావా, సాలు. ఇంకేటీ అడగం” అంది పక్కింటావిడ. ఆవిడ గొంతులో కోపం లేదు. ఆయన ప్రమాణం చేస్తే బాగుండునన్నట్టే అంది.

ఆయన పొట్లం గట్టు మీద పెట్టి నీళ్ళలో దిగాడు. ఎత్తుగా ఉన్న ఒక మడి మూలలో కరగకుండా మిగిలిన ఉప్పు గుప్పిట్లోకి తీసుకున్నాడు. ఊరంతా గట్టు మీద నిలబడింది. చెప్పెయ్ తాతా అని నేను లోపల మొక్కుకుంటున్నాను. చెప్పేస్తే ఎవరి తప్పూ కాకుండా పోతుంది. నిజంగా నేను కోరుకున్నది ఆయన్ని కాపాడమని కాదు, నన్ను కాపాడమని.

“పలక దించినాను. అది గురుతుంది” అన్నాడు తాత. ఆగాడు. “మట్టి మెత్తినాననే అనుకుంటన్నాను.”

“అనుకోడమేటి?” అన్నాడు అయ్య.

“మెత్తిన పలక లేవదురా. నలబయ్యేళ్ళుగా సూత్తన్నాను, ఒక్కపాలి లేవనేదు. మరి ఇది లేసింది. నాను మెత్తుంటే ఎలా లేత్తాది?” ఆ మాట మాకు చెబుతున్నట్టు లేదు. తనని తను అడుగుతున్నాడు. “ఆళ్ళు బాట మీంచి పిలత్తన్నారు. తొందరగుంది. మెత్తినట్టే ఉంది నాకు. మెత్తి ఉండను.”

గుప్పిట విప్పి ఉప్పు నీళ్ళలోకి వదిలేశాడు.

కంటికి కనిపించినట్టు గుర్తున్న పనిని ఆయన నమ్మలేదు, నలభై ఏళ్ళ పనితనం చెప్పిన లెక్కని నమ్మాడు. తనకి పని తెలియకపోయి ఉంటే ప్రమాణం చేసేసేవాడు. అబద్ధం అలవాటున్నవాడైనా చేసేసేవాడు.

మర్నాడు ఉదయం గునపం తెచ్చి మా గుమ్మానికి ఆనించి వెళ్ళిపోయాడు. వానలు పడేలోగా మిగిలిన నాలుగు వారాలూ తూము కాసింది మా అయ్య. తేరుకున్న మడుల్లో వచ్చిన కాస్త ఉప్పులో మొదటి గంపలు మా ఇంటి ముందు దిగాయి. ఆ గంపల్లోని ఉప్పుతో అమ్మ ఊరగాయ పెట్టింది. నేను తిన్నాను.

ఆయన్ని ఎవరూ తిట్టలేదు, వెలివెయ్యలేదు. ఎదురుపడితే పలకరించేవారు కూడా. కానీ ఒక్క పనీ అప్పజెప్పేవారు కాదు. నీళ్ళ కావిడి మోస్తుంటే, “జాగర్త మావా, మరిసిపోయి ఎక్కడో దించీగలవు” అని నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. మధ్యాహ్నాలు ఒక్కడే గట్టు మీద కూర్చుని తూము వైపు చూస్తుండేవాడు. మా మామిడికాయల మూటల్లోంచి ఇంక ఒక్క కాయ కూడా పోలేదు. నేను కావాలనే కనిపించేలా పెట్టి చూశాను. ఆయన చూసి, దాటి వెళ్ళిపోయాడు.

ఏడాది తిరక్కుండా ఊరు ఖాళీ చేశాం. గాజువాక అవతల ఇళ్ళస్థలాలిచ్చిన కాలనీకి లారీల్లో వచ్చాం. తాతా అక్కా మాకు రెండు వీధుల అవతల. నేను ఆ వీధిలోంచి వెళ్ళడం మానేశాను. ఎప్పుడైనా దూరం నుంచి కనిపించేవాడు. వీధి కుళాయిల దగ్గర నిలబడి, కట్టేసి ఉన్న కుళాయినే మళ్ళీ బిగించి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్ళీ బిగించేవాడు. పిల్లలు వెనకే వెళ్ళి, “తాతా, కట్టనేదు” అని అరిచేవారు. ప్రతిసారీ తిరిగొచ్చేవాడు.

పదేళ్ళవాడు భయపడ్డాడంటే మీరు క్షమిస్తారేమో. ఇప్పుడు చెప్పబోయేది పదేళ్ళవాడి గురించి కాదు.

నాకు ఇరవై మూడేళ్ళు. ఊరు పోయినవాళ్ళ కోటాలో ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. పొద్దుటి షిఫ్టుకి గాజువాకలో బస్సు కోసం నిలబడ్డాను, చేతిలో హెల్మెట్, టిఫిన్ డబ్బా. తాత వచ్చాడు. నాకోసమే వచ్చాడని ఆయన నడక చూస్తేనే తెలిసింది.

“బాబూ, నిన్నోటి అడగాల. ఆ రోజు నువ్వు గట్టు మీద కూకున్నావు. నన్ను తీస్కెల్లమని పేసీ పెట్టినావు. గురుతుందా?”

నేను బస్సొచ్చే వైపు చూశాను.

“నాను పలక ఏత్తంటే నువ్వు సూత్తన్నావు. నాను మట్టి మెత్తినానా, నేదా? నువ్వు సెప్పింది నాను నమ్ముతాను. మెత్తనేదంటే మెత్తనేదనే సెప్పు. పరవానేదు. తెలిత్తే సాలు.”

మా అయ్య అప్పుడు మంచం మీద ఉన్నాడు. కాలనీలో మాకు మర్యాద ఉంది. నాకు సంబంధాలు చూస్తున్నారు. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెబితే అబద్ధం. ఏమీ ఆలోచించలేదు. నోరు దానంతట అదే పలికింది.

“గుర్తు లేదు తాతా.”

“అవున్లే. నీకెలా గురుతుంటాది, గుంటడివి అప్పుడు” అన్నాడాయన. నా భుజం తట్టాడు. బస్సొచ్చింది, ఎక్కాను. కిటికీలోంచి వెనక్కి చూడలేదు.

ఆయన పోయినప్పుడు నైట్ షిఫ్టు అని చెప్పి వెళ్ళలేదు. అయ్య పోయాడు, అమ్మ పోయింది. నేను కూడా రిటైరవడానికి దగ్గరపడ్డాను. నా భార్యకి కూడా ఎప్పుడూ ఈ సంగతి చెప్పలేదు.

ఆ కాగితాలు పట్టుకుని మొన్న అక్క ఇంటికి వెళ్ళాను. రెండు వీధులు నడవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అరుగు మీద కూర్చుని మునగాకు దూస్తోంది. నన్ను గుర్తుపట్టి పీట వేసింది. నేను కూర్చోకుండానే మొత్తం చెప్పేశాను. రొయ్యల సంగతి, రాయి సంగతి, బస్సు దగ్గర సంగతి.

ఆమె చేతులు ఆగిపోయాయి.

“బస్సు కాడ అడిగినాక తొమ్మిదేళ్ళు బతికాడు మా అయ్య” అంది. “తొమ్మిదేళ్ళు. తలుపేసి పడుకుని, ఏసినానా అని లేసి సూసీవోడు. నాను ఏసినాను అయ్యా అంటే నమ్మీవోడు కాదు. పోయేముందు కూడా నా సెయ్యట్టుకుని తలుపు సూడమన్నాడు.”

నేను తలవంచుకున్నాను.

“మొన్న పొయ్యి మీద పాలెట్టి మరిసిపోనాను. తాత రోగం నీకొచ్చీసిందమ్మా అని నా కొడుకు డాక్టరు కాడికి తీస్కెల్లాడు. నాను నిజమే అనుకుని ఎల్లాను, తమ్ముడా.”

క్షమించమని అడగాలని వెళ్ళాను. ఆ మాట అక్కడ అడగలేకపోయాను. ఆమె కూడా క్షమించానని అనలేదు. ఒళ్ళో ఉన్న మునగ రెమ్మలు పక్కన పెట్టి, నా వైపు తిరిగి సర్దుకుని కూర్చుంది.

“ఎలా మెత్తాడు?” అంది.

“ఏంటక్కా?”

“నువ్వు సూసావు కదా. మా అయ్య ఎలా మెత్తాడో సెప్పు.”

నేను పీట మీద కూర్చున్నాను. పలక మీద అరచెయ్యి పెట్టి ముందు మెల్లిగా దించాడని చెప్పాను. సగం దాకా దిగాక గునపం వెనకవైపుతో మూడు దెబ్బలు కొట్టాడని, మూడో దెబ్బకి కింద రాయికి తగిలిన చప్పుడు విని తలూపాడని చెప్పాను. బంకమట్టిలో ఎండుగడ్డి కలిపి, రొట్టెకి పిండి పిసికినట్టు పిసికి, సందుల్లో వేళ్ళతో కూరాడని, పైన అరచేత్తో మెత్తి, తడి చేత్తో నున్నగా రాశాడని చెప్పాను. బాట మీంచి పిలుస్తున్నా లేవలేదని చెప్పాను. ఆఖరున లేచి, మట్టి మీద మడమ పెట్టి నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళాడని, దిగి వెళ్ళబోతూ ఒకసారి వంగి, చెవి ఆనించి, నీటి చప్పుడు లేదని చూసుకున్నాడని చెప్పాను.

“ఏ కాలితో నొక్కాడు?”

“ఎడమ కాలితో.”

“అవును” అంది అక్క. “కుడి మడమ పగిలిపోయి ఉండీది అయ్యకి. దాని మీద బరువు ఎట్టీవోడు కాదు.”

కళ్ళు మూసుకుని గోడకి ఆనుకుంది.

“ఇంకోపాలి సెప్పు” అంది. “మొదట్నుంచి సెప్పు.”

ముందు పలక మీద అరచెయ్యి పెట్టి మెల్లిగా దించాడక్కా, అని మొదలుపెట్టాను.